సత్యం కోసం ధరించిన వేషం

తెలుగునాట పగటివేషగాళ్ళకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. రాత్రివేళ దీపాల వెలుగులో, రంగస్థలం మీద వేషం కట్టేవారిని ప్రేక్షకులు నటులని తెలిసే చూస్తారు. పగటివేషగాడు అలా కాదు. అతడు పట్టపగలు నడివీధిలో నలుగురి మధ్యకు వచ్చి నిలుస్తాడు. అది వేషమని ఎదుటివారు పోల్చుకోలేనంత సహజంగా ప్రవర్తించడమే అతని విద్య. ఈ విద్య వినోదానికే పరిమితం కాదు. లోకాన్ని పరీక్షించే శక్తి కూడా దీనికి ఉంది. మారువేషంలో సంచరించి ప్రజల కష్టసుఖాలు తెలుసుకొన్న రాజుల కథలు మనకు కొల్లలుగా ఉన్నాయి. అయితే ఆ రాజులకు వేషం విప్పిన తరువాత తిరిగి చేరుకోవడానికి కోట ఉంది. ధనం, అధికారం, బంధుబలం ఏవీ లేని ఇరవై మూడేళ్ళ యువతి ఒకతె 1887లో రోగి వేషం ధరించి వైద్యులనే పరీక్షకు నిలబెట్టింది. ఆమె పేరు నెల్లీ బ్లై.

విశాఖపట్నంలోని చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. బ్రిటిషువారి కాలం నుండి ఉన్న సంస్థ ఇది. 1923లో ప్రారంభమైన ఆంధ్ర వైద్య కళాశాల విద్యార్థులు మనోవైద్యాన్ని అభ్యసించేది ఇక్కడే. హైదరాబాదువారు ఎర్రగడ్డ పేరును పరిహాసానికి వాడినట్లే, ఉత్తరాంధ్రవారు చినవాల్తేరు పేరును పరిహాసంగా పలకడం కద్దు. ఆ పరిహాసం వెనుక ఒక భయం దాగి ఉంది. ఒకరికి మతి చలించిందో లేదో నిర్ణయించేవాడు వైద్యుడు. ఆ వైద్యుడు సరిగా పరీక్షించాడో లేదో నిర్ణయించవలసినవారెవరు? రోగి చెబుతే లోకం నమ్మదు. వైద్యుడు తనకు తాను తీర్పు చెప్పుకోలేడు. ఈ చిక్కుముడిని విప్పడానికి తొలినాళ్ళలో సాహసించినవారిలో నెల్లీ బ్లై ముఖ్యురాలు.

ఆమె అసలు పేరు ఎలిజబెత్ జేన్ కాక్రన్. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, తండ్రి పేరుతోనే వెలసిన కాక్రన్స్ మిల్స్ అనే గ్రామంలో 1864 మే 5న జన్మించింది. మన గురజాడ అప్పారావు కంటే ఆమె రెండేళ్ళు చిన్నది. తండ్రి మైఖేల్ కాక్రన్ మరయజమాని. స్థానిక న్యాయమూర్తిగా కూడా పనిచేసినవాడు. ఆమెకు ఆరేళ్ళ వయసులో ఆయన వీలునామా వ్రాయకుండానే మరణించాడు. ఆస్తి చెల్లాచెదరైంది. తల్లి మేరీ జేన్ పునర్వివాహం చేసికొన్నది గాని, ఆ రెండవ భర్త తాగుబోతు, క్రూరుడు. ఆ తల్లి విడాకులు కోరి న్యాయస్థానానికి వెళ్ళినపుడు పద్నాలుగేళ్ళ ఎలిజబెత్ బోనులో నిలిచి, ఇంటిలో తాను చూచినదంతా సాక్ష్యంగా చెప్పింది. చూచినదాన్ని చూచినట్లు, వినవలసినవారి ఎదుట చెప్పడం ఆమెకు అలవడింది ఆనాడే.

ఉపాధ్యాయురాలు కావాలన్న కోరికతో ఆమె శిక్షణ పాఠశాలలో చేరింది. రుసుము చెల్లించలేక ఒక్క విడతతోనే చదువు మానవలసి వచ్చింది. 1880లో ఆ కుటుంబం పిట్స్‌బర్గ్ చేరింది. ఈనాటి విశాఖవలె ఆనాటి పిట్స్‌బర్గ్ ఉక్కు నగరం. కొలుముల పొగ, కర్మాగారాల రొద, బ్రతుకుతెరువు వెదుక్కొంటూ వచ్చిన జనసందోహం ఆ నగర స్వరూపం. చిన్నచిన్న పనులు చేస్తూ ఆమె అక్కడ కొన్నేళ్ళు గడిపింది.

1885 జనవరిలో పిట్స్‌బర్గ్ డిస్పాచ్ అనే పత్రిక ఒక వ్యాసం ప్రచురించింది. ఆడపిల్లల స్థానం ఇల్లేనని, ఉద్యోగం చేసే స్త్రీ ప్రకృతివిరుద్ధమని ఆ వ్యాసకర్త అభిప్రాయం. తండ్రి లేని ఇంటిలో పొట్టకూటికి పాటుపడుతున్న ఎలిజబెత్‌కు ఆ మాటలు శూలాల్లా తగిలాయి. తన పేరు చెప్పకుండా, ఒంటరి అనాథ బాలిక అనే సంతకంతో సమాధానం వ్రాసి పంపింది. సంపాదకుడు జార్జ్ మాడెన్ ఆ లేఖలోని నిప్పును గుర్తించాడు. ఎవరా లేఖకురాలని పత్రికలోనే ప్రకటన వేసి, వచ్చిన ఆమెకు ఉద్యోగమిచ్చాడు. స్త్రీలు సొంత పేరుతో పత్రికలకు వ్రాయడం మర్యాద కాదని భావించే రోజులవి. అందువల్ల స్టీఫెన్ ఫాస్టర్ రచించిన ఒక ప్రసిద్ధ గీతంలోని పేరును ఆమెకు కలంపేరుగా ఎంచారు. నాటినుండి ఆమె నెల్లీ బ్లై అయింది.

కర్మాగారాలలో పనిచేసే స్త్రీల దైన్యాన్ని గురించి ఆమె వ్రాసిన వ్యాసాలు పాఠకులను కదిలించాయి. యజమానులకు మాత్రం రుచించలేదు. క్రమంగా పత్రికవారు ఆమెను పూలతోటలు, వస్త్రధారణ, నాగరిక వేడుకల వంటి విషయాలకు పరిమితం చేశారు. ఆ పంజరాన్ని భరించలేక 1886లో మెక్సికో వెళ్ళి, అక్కడి జీవనాన్ని గురించి సుమారు ఆరు నెలలు వార్తలు పంపింది. ప్రభుత్వాన్ని విమర్శించిన స్థానిక పత్రికా రచయిత నిర్బంధాన్ని ఖండించినందుకు ఆమెకూ అరెస్టు బెదిరింపులు ఎదురయ్యాయి. స్వదేశానికి తిరిగి వచ్చి, 1887లో న్యూయార్క్ నగరంలో అడుగుపెట్టింది.

ఆ మహానగరంలో నాలుగు నెలలపాటు ఆమెకు ఏ పత్రికా ద్వారం తెరుచుకోలేదు. చేతిలోని డబ్బు కరగిపోయింది. చివరకు జోసెఫ్ పులిట్జర్ నడిపే న్యూయార్క్ వరల్డ్ కార్యాలయానికి వెళ్ళి పని అడిగింది. వారు ఒక కఠినమైన పరీక్ష పెట్టారు. న్యూయార్క్‌ను ఆనుకొని ఉన్న ఈస్ట్ నదిలో బ్లాక్‌వెల్స్ ద్వీపం ఉంది. అందులోని స్త్రీల ఉన్మాద చికిత్సాలయాన్ని గురించి అప్పటికే అనేక వదంతులు వ్యాపించి ఉన్నాయి. సందర్శకులకు కనిపించేది ఒకటి, లోపల జరిగేది మరొకటి అని ప్రతీతి. అందులో రోగిగా ప్రవేశించి, ఉన్నదున్నట్లు వ్రాయాలి. లోపలికి వెళ్ళడం ఎట్లాగో ఆమే చూచుకోవాలి. బయటికి తెచ్చే బాధ్యత పత్రికది. ఆమె అంగీకరించింది.

ఆమె నటశిక్షణ పొందినది కాదు. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి రెప్ప వేయకుండా చూడడం అభ్యసించింది. నిద్ర మానుకొని దయ్యాల కథలు చదివింది. మరునాడు నెల్లీ బ్రౌన్ అనే పేరుతో శ్రామిక స్త్రీలుండే ఒక వసతిగృహంలో చేరి, తక్కిన స్త్రీలంతా మతిలేనివారిలా కనిపిస్తున్నారంటూ భయపడుతూ రాత్రంతా మేలుకొని కూర్చుంది. తెల్లవారేసరికి గృహనిర్వాహకురాలు పోలీసులను పిలిచింది. న్యాయమూర్తి ఆమె అమాయక వదనాన్ని చూచి జాలిపడి, వైద్యపరీక్షకు పంపించాడు. బెల్‌వ్యూ ఆస్పత్రి వైద్యులు నాడి పట్టి, నాలుక చూచి, కళ్ళు పరికించి, కొన్ని ప్రశ్నలు వేసి ఆమెకు మతి చలించిందని నిర్ధారించారు. నగరంలోని ఇతర పత్రికలు సైతం ఈ అజ్ఞాత యువతి ఎవరా అని వార్తలు ప్రకటించాయి. వేషం పండింది.

ఇక్కడినుండి జరిగినదే ఈ కథకు ప్రాణం. ద్వీపంలో అడుగుపెట్టిన క్షణంనుండి ఆమె నటించడం మానివేసింది. మామూలుగా మాట్లాడింది, మామూలుగా నడుచుకొంది. తాను ఆరోగ్యంగానే ఉన్నానని, మళ్ళీ పరీక్షించమని వైద్యులను వేడుకొంది. ఎంత వివేకంగా మాట్లాడితే అంతగా ఆమెను ఉన్మాదినిగా భావించారు. ఒకసారి ముద్ర పడిన తరువాత ఆమె మౌనం ఒక రోగలక్షణం, మాట మరొక రోగలక్షణం అయ్యాయి. బరువు, ఎత్తు కొలిచే వేళ వైద్యుని దృష్టి రోగిమీద కంటే పక్కనున్న నర్సుతో సరసంమీదే ఎక్కువగా నిలిచిందని ఆమె తరువాత వ్రాసింది.

అక్కడ సుమారు 1,600 మంది స్త్రీలు ఉండేవారు. చలిలో చన్నీళ్ళ స్నానం, బక్కెట్లతో తలమీద కుమ్మరింపు, ఒకే తొట్టి నీరు అనేకులకు, ఒకే తువ్వాలు ఎందరికో. ఆహారం నోటపెట్టరానిది. ఉదయం ఆరు గంటలనుండి రాత్రి ఎనిమిది వరకు గట్టి బల్లలమీద కదలక మెదలక కూర్చోవాలి. చదవడానికి పుస్తకం లేదు, మాట్లాడడానికి అనుమతి లేదు. ఆరోగ్యవంతులైన స్త్రీలను రెండు నెలలు అట్లా కూర్చోబెడితే వారికీ మతి పోతుందని ఆమె గ్రహించింది. ఎదురు చెప్పినవారికి దెబ్బలు తప్పేవి కావు. గదులకు విడివిడిగా తాళాలు వేసేవారు. అగ్నిప్రమాదం జరిగితే ఒక్కరూ బ్రతికి బయటపడే మార్గం లేదు. కొందరిని నడుముకు పట్టీలు బిగించి, ఒకే పొడవాటి తాటికి కట్టి నడిపించడం ఆమె కన్నులారా చూచింది.

అన్నిటికంటె ఆమెను కలచివేసినది మరొకటి. అక్కడివారిలో కొందరికి అసలు ఏ జబ్బూ ఉన్నట్లు తోచలేదు. వారు పేదలు, లేదా విదేశాలనుండి వలస వచ్చినవారు. జర్మనీనుండి వచ్చిన ఒక స్త్రీకి ఆంగ్లం రాదు. ఆమె మాట అర్థం చేసికొనే యత్నం ఎవరూ చేయలేదు. తన భాష తెలిసినవారు లేకపోవడమే ఆమె చేసిన నేరం.

పది రోజుల తరువాత పత్రికవారి న్యాయవాది వచ్చి నెల్లీని విడిపించాడు. స్వేచ్ఛ లభించినా ఆమె మనసు భారమైంది. తనకు న్యాయవాది ఉన్నాడు, వెనుక ఉన్న స్త్రీలకు ఎవరూ లేరు. 1887 అక్టోబరు 9, 16 తేదీలలో ఆమె అనుభవాలు ప్రచురితమయ్యాయి. వెనువెంటనే పుస్తకంగానూ వెలువడ్డాయి. న్యాయవిచారణ మండలి ఆమెను వెంటబెట్టుకొని ద్వీపానికి వెళ్ళింది. అప్పటికే అక్కడ అంతా శుభ్రపరచి ఉంచారు. ఆమె పేర్కొన్న రోగులలో కొందరిని వేరొకచోటికి తరలించారు. అయినా మండలి ఆమె మాటనే విశ్వసించింది. మానసిక రోగుల సంరక్షణకు నగరం కేటాయింపులు పెంచింది. నిధుల పెంపు ఆలోచన అంతకుముందే మొదలైందని చరిత్రకారులు చెబుతారు. కాని ఆలోచనకు వేగం తెచ్చినది ఆమె కలమే. సరిగ్గా ఆ కాలంలోనే ఉత్తరాంధ్రలో కన్యాశుల్క దురాచారాన్ని గమనిస్తూ ఉన్న గురజాడ, తన నాటకంలో కరటకశాస్త్రి శిష్యునికి ఆడపిల్ల వేషం కట్టించి లుబ్ధావధానుల ఇంటికి పంపాడు. దాగి ఉన్న దుర్మార్గాన్ని బయటపెట్టడానికి వేషం ఒక సాధనమని ఇద్దరూ ఎరుగుదురు. గురజాడది కల్పన. నెల్లీది ప్రాణాలొడ్డిన వాస్తవం.

ఆమె జీవితం ఆ ద్వీపంతో ఆగలేదు. 1889 నవంబరు 14న నౌక ఎక్కి, జూల్స్ వెర్న్ నవలలో కల్పించిన ఎనభై రోజుల భూప్రదక్షిణను మించడానికి బయలుదేరింది. దారిలో ఫ్రాన్సులో ఆ నవలాకారుని స్వయంగా కలుసుకొంది. సూయజ్ కాలువ, ఏడెన్‌ల మీదుగా కొలంబో చేరి, తదుపరి నౌక కోసం అక్కడ ఐదు రోజులు వేచి ఉంది. అక్కడినుండి బంగాళాఖాతపు దక్షిణ జలాలను దాటి పెనాంగ్, సింగపూర్, హాంకాంగ్, జపాన్‌ల మీదుగా 1890 జనవరి 25న ప్రయాణం ముగించింది. ప్రయాణానికి పట్టిన కాలం 72 రోజుల 6 గంటల 11 నిమిషాలు. స్త్రీ ఒంటరిగా ప్రయాణం చేయజాలదన్న మాటకు అది తిరుగులేని సమాధానం.

1895లో ఆమె రాబర్ట్ సీమన్ అనే వృద్ధ పారిశ్రామికవేత్తను వివాహమాడింది. 1904లో ఆయన మరణించాక ఇనుప పాత్రల కర్మాగారాన్ని తానే నడిపింది. విశాఖ రేవులోను, చమురు శుద్ధి కర్మాగారాలలోను కనిపించే ఉక్కు పీపాలను అమెరికాలో పెద్దయెత్తున తయారుచేసిన తొలి సంస్థలలో ఆమెది ఒకటి. పీపా నిర్మాణానికి 1905లో లభించిన పేటెంటు ఆమె ఉద్యోగి హెన్రీ వెర్‌హాన్ పేర ఉంది. ఒకదానిపై ఒకటి పేర్చదగిన చెత్తడబ్బాకు ఆమె తన పేరనే పేటెంటు పొందింది. కార్మికులకు గ్రంథాలయం, వినోదశాల ఏర్పాటు చేసింది. ఉద్యోగులలో కొందరి మోసంవల్ల సంస్థ దివాలా తీయగా తిరిగి కలం పట్టింది. 1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైనప్పుడు ఐరోపాలో ఉండి, ఆస్ట్రియా సేనల రణరంగంనుండి వార్తలు పంపింది. చివరి సంవత్సరాలలో అనాథ బాలలకు ఆశ్రయం కల్పించే పనిలో నిమగ్నమైంది. 1922 జనవరి 27న న్యూమోనియాతో న్యూయార్క్‌లో కన్నుమూసింది. అప్పుడామె వయస్సు 57 సంవత్సరాలు. ఆమె సమాధిపై 1978 వరకు పేరు చెక్కిన రాయి కూడా లేదు.

నెల్లీ చేసిన పరీక్షలో లోపాలు లేకపోలేదు. బాధపడుతున్నానని వచ్చినవారిని నమ్మడం వైద్యుని ధర్మం. అబద్ధాన్ని పసిగట్టలేకపోయినంత మాత్రాన వైద్యుడు అసమర్థుడని అనలేము. నిజానికి ఆమె బయటపెట్టిన తప్పు మోసపోవడం కాదు. ముద్ర వేసిన తరువాత మళ్ళీ వినకపోవడం, మళ్ళీ చూడకపోవడం. 1973లో డేవిడ్ రోజెన్‌హాన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త కూడా ఇటువంటి ప్రయోగం చేశానని ప్రకటించి సంచలనం సృష్టించాడు. ఆయన వివరాల విశ్వసనీయతను ప్రశ్నిస్తూ 2019లో ఒక పరిశోధనాత్మక గ్రంథం వెలువడింది. సత్యం కోసం వేషం ధరించినవారు వేషం విప్పిన తరువాత అసత్యం వ్రాస్తే ఆ శ్రమ అంతా వృథా అవుతుంది.

మోసంతో పనిలేని మార్గం మరొకటి అంతకుముందే రూపుదిద్దుకొంది. 1963లో లాస్ ఏంజిలిస్‌లో హోవర్డ్ బారోస్ అనే నాడీవైద్యుడు, మామూలు మనిషికి రోగి పాత్రలో శిక్షణ ఇచ్చి వైద్యవిద్యార్థులను పరీక్షించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. తమ ఎదుటికి వచ్చేది నటులని విద్యార్థులకు ముందే తెలుసు. నటునికి ఒక రోగి జీవితం మొత్తం నేర్పుతారు. ఏది తనంతట తాను చెప్పాలో, ఏది అడిగితేనే చెప్పాలో నిర్ణయిస్తారు. అందరి ఎదుటా ఒకే విధంగా నటించాలి. అప్పుడే అందరికీ పరీక్ష సమానమవుతుంది.

ఉదాహరణకు, ఉక్కు కర్మాగారంలో పనిచేసే కార్మికుని పాత్ర ధరించిన నటుడు వైద్యుని ముందు కూర్చొని, నిద్ర పట్టడం లేదని, కడుపులో మంటగా ఉందని మాత్రమే చెబుతాడు. మన సమాజంలో మనోవేదన శరీరబాధగా పలకడం సర్వసాధారణం. పొరపాటున కడుపుకు మాత్రమే మందు వ్రాసి పంపే వైద్యుడు ఒకడు. కాస్త ఆగి, కళ్ళలోకి చూచి, ఇంటి సంగతులు, మనసులోని దిగులు అడిగే వైద్యుడు మరొకడు. చనిపోవాలన్న తలంపు వచ్చిందా అని సౌమ్యంగా అడగడం కూడా ఆ వైద్యుని విధి. అడిగినందువల్ల ఆ తలంపు పుట్టదు, దాచుకొన్న భారం దిగుతుంది. వైద్యుడు ఏమి అడిగాడు, ఎంతవరకు విన్నాడు, గౌరవంగా మాట్లాడాడా అనే అంశాలను నటుడు తరువాత ఒక పట్టికలో నమోదు చేస్తాడు. రక్తపరీక్షకు అందని గుణాన్ని ఆ పట్టిక కొలుస్తుంది. మనోవైద్యంలో వినడమే సగం చికిత్స గనుక ఈ పరీక్షకు అక్కడ విలువ ఎక్కువ.

మనదేశంలో 1912 నాటి ఉన్మాద చట్టం స్థానంలో 1987లో ఒక చట్టం, దాని స్థానంలో 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాయి. రోగికి గౌరవంగా జీవించే హక్కును, క్రూరమైన ప్రవర్తననుండి రక్షణను, నిర్బంధంపై సమీక్ష కోరే అవకాశాన్ని ఈ చట్టం గుర్తించింది. 2019లో ప్రవేశపెట్టిన వైద్యవిద్యా ప్రణాళికలో రోగితో సంభాషించే నైపుణ్యానికి ప్రత్యేక స్థానం లభించింది. ద్వీపంలో వేడుకొన్న ఆ యువతి కోరినది కూడా ఇంతే. తనను మరొక్కసారి పరీక్షించమని, తన మాట వినమని.

ఈనాడు ఆ ద్వీపం పేరు రూజ్‌వెల్ట్ ద్వీపం. నాటి చికిత్సాలయంలో మిగిలిన ఎనిమిది భుజాల గోపురం నివాసగృహాలలో భాగమైంది. నెల్లీ బ్లై స్మారకంగా 2021లో అక్కడ స్త్రీల ముఖశిల్పాలను నెలకొల్పారు. రాయి చెప్పగలిగినది కొద్దిగానే. మతి చలించినదని లోకం ముద్ర వేసిన మనిషి మాట్లాడుతున్నపుడు ఆగి వినే చెవి ఉన్నచోట ఆమె అసలైన స్మారకం ఉంది. అది న్యూయార్క్ కావచ్చు, చినవాల్తేరు కావచ్చు, మన పొరుగిల్లే కావచ్చు.